పదకొండు రివెట్ల విమానం

రివెట్టు తన యాభై నాలుగేళ్ల జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. అవకాశం రాక కాదు. ఒకసారి ఆఫీసువాళ్లే టిక్కెట్టు కొనిచ్చి శిక్షణకు వెళ్లి రమ్మన్నారు. "అది విమానం కాదు, రెక్కలున్న బస్సు," అని చెప్పి ముప్పై ఒక్క గంటలు రైల్లో కూర్చుని, నడుం పట్టేసి, అవతలి స్టేషన్లో వంగి దిగాడు. ప్రొపెల్లరు లేనిదాన్ని విమానం అనడం అతని దృష్టిలో చదువురానివాళ్ల పని. ప్రొపెల్లర్లతో ఎగిరిన పాత ప్రయాణికుల విమానాలేమో ఎప్పుడో పాత సామాన్ల కొట్లకు పోయాయి. కాబట్టి ఇక అతను దేన్నీ ఎక్కనక్కర్లేదు. భయమేమో అని భార్య ఒకసారి అంది. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. పెళ్లయ్యాక అంత హాయిగా గడిచిన వారం ఇంకొకటి లేదని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

అసలు పేరు ఆఫీసు హాజరు పుస్తకంలో ఉంది, ఇంకెక్కడా వాడకంలో లేదు. విమానం రేకుల్ని ఒకదానికొకటి బిగించే గుండుమేకును రివెట్టు అంటారు. అరచేతి మీదికి వచ్చే లోహపు నమూనా విమానం మీద ఆ మేకులు ఆవగింజలో పదో వంతు కూడా ఉండవు. ఇతను వాటిని కూడా భూతద్దం పెట్టి లెక్కపెడతాడు. అందుకని నమూనాల సంఘంలో ఎవరో వెక్కిరింతగా పెట్టిన పేరది. అతను బిరుదు అనుకున్నాడు.

ఉద్యోగం నీటి మీటర్ల పరీక్ష విభాగంలో. ఇళ్ల నుంచి ఊడదీసి తెచ్చిన మీటర్లను బల్ల మీద బిగించి, నీళ్లు వదిలి, ముల్లు సరిగ్గా తిరుగుతోందో లేదో చూసి సీలు వెయ్యాలి. ఇరవై ఆరేళ్లలో అతని చేతిలో ఒక్క మీటరూ మొదటిసారికి పాసవలేదు. ముల్లు బాగుంటే గాజు మసకగా ఉందనేవాడు, గాజు బాగుంటే మూత బిగువు తక్కువనేవాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాణ్ణి చూశాం గానీ, పీకిన ఈకల్ని రిజిస్టర్లో ఎక్కించేవాణ్ణి ఇక్కడే చూశామని తోటి ఉద్యోగులు అనేవారు. అదీ అతను మెప్పు కిందే జమ కట్టుకున్నాడు.

ఇంట్లో ముందుగదికి సోఫా పట్టదు. సోఫా ఉండాల్సిన చోట గాజు తలుపుల బీరువా ఉంది. అందులో నలభై మూడు విమానాలు. రెండింజన్లవి, నాలుగింజన్లవి, తోక కింద చక్రం ఉన్నవి, ముక్కు కింద చక్రం ఉన్నవి. జింకు కలిపి పోతపోసిన లోహం. చేతిలోకి తీసుకుంటే చల్లగా, సైజుకు మించిన బరువుగా ఉంటాయి. ఉంటాయని చెప్పుకోవడమే, ఎవరి చేతికీ అతను ఇవ్వడు. వాటి ప్రొపెల్లర్లు వేలితో తిప్పితే తిరుగుతాయి, కానీ ఎవరూ తిప్పకూడదు. ఆ గదిలో ఫ్యాను కూడా తిరగకూడదు, దుమ్ము లేస్తుందట. బీరువా పక్కనే మడతమంచం. మామగారు పడుకునేది దాని మీద. నాలుగేళ్లుగా ఆ పెద్దాయన అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

ఈ మామగారు పాత విమానాశ్రయంలో ఇరవై ఏడేళ్లు మెకానిక్కుగా పనిచేశాడు. మరొకరైతే అలాంటి మామగారు దొరికినందుకు గాల్లో తేలేవాడు. రివెట్టు కూడా మొదట్లో ఒక ప్రశ్న అడిగాడు.

"మామగారూ, ఆ ఇంజను కింద ఆయిలు చల్లబరిచే డబ్బాకు రేకులు ఎన్నుండేవి?"

"ఏమో అల్లుడుగారూ. మేం వాటిని కడిగేవాళ్లం. లెక్కపెట్టలేదు."

అంతే. ఆ రోజు నుంచి మామగారిని ఇంకేమీ అడగలేదు. ఎవరైనా వాకబు చేస్తే "రిపేర్లు చేసేవారు" అనేవాడు, సైకిలు షాపు గురించి చెప్పినట్టు.

సంఘం ప్రతి ఆదివారం పొద్దున జిరాక్సు కొట్టు మీది గదిలో కలుస్తుంది. పదకొండు మంది సభ్యులు. పళ్ల డాక్టరు ఉన్నాడు, ఆయన నమూనాలన్నీ ఖరీదైనవి. డ్రిల్లు మాస్టారు ఉన్నాడు, ఆయన విజిలు ఊదితేనే మీటింగు మొదలవుతుంది. టైలరు ఉన్నాడు. ఏడాదికి ఒక్క విమానం కొంటాడు, దానికి మిగిలిపోయిన మఖమలుతో తనే ఒక ముసుగు కుడతాడు, తీసుకొచ్చి తిట్లు తింటాడు.

తిట్టడానికి వాళ్లకొక పద్ధతి ఉంది. చెక్క ఫ్రేము కట్టిన పిల్లల పలక ఒకటుంది, దాన్ని తప్పుల పలక అంటారు. నమూనాను బల్ల మీద పెడతారు. పలక పట్టినవాడు భూతద్దంతో చూసి, దొరికిన ప్రతి తప్పుకూ ఒక గీత గీస్తాడు. అతని నమూనాను మిగతావాళ్లు చూస్తారు. ఎక్కువ గీతలు పడ్డవాడు అందరికీ టీ ఇప్పించాలి. వార్షిక సమావేశం నాడు ఒక్క గీత కూడా పడనివాడు పలకను ఏడాదిపాటు ఇంటికి తీసుకుపోతాడు. ఇద్దరు ముగ్గురికి పడకపోతే పలక ఉన్నచోటే ఉంటుంది. ఫ్రేము మీద తెల్లరంగుతో ఒక నియమం రాసి ఉంది: "నమూనాకు సాక్షి విమానమే." ఆ అక్షరాలు రివెట్టువి. పుస్తకంలో ఏముందో, పెట్టె మీద ఏముందో అనవసరం, ఎగిరిన విమానం ఎలా ఉందో అలా ఉండాలని పట్టుబట్టింది అతనే.

తొమ్మిదేళ్లుగా పలక రివెట్టు ఇంట్లోనే, బీరువా పైన మేకుకు వేలాడుతోంది. పోయినేడు అతనే ఒక ప్రతిపాదన పెట్టాడు: వరసగా పదేళ్లు నిలిచినవాడికి పలక జన్మాంతం. వాదించే ఓపిక ఎవరికీ లేక అందరూ చేతులెత్తారు. అంటే ఈ ఆదివారం ఒక్కటి దాటితే చాలు, చచ్చేదాకా అందరి విమానాల మీదా గీతలు గీసే హక్కు అతనిదే. ఆ హక్కు తప్ప అతనికి ఈ లోకంలో ఎవరి మీదా ఏ హక్కూ లేదు. ఆఫీసులో పై అధికారి వయసులో చిన్న, ఇంట్లో ఆవిడ సంగతి చెప్పుకున్నాం.

ఈసారి ప్రదర్శనకు అతను తెప్పించింది మామూలు నమూనా కాదు. ఈ ఊరి పాత విమానాశ్రయం నుంచే పద్దెనిమిదేళ్లు తిరిగిన రెండింజన్ల విమానం, తోక మీద అదే నంబరు. ఎక్కడో విదేశంలో ఒక చిన్న కంపెనీ మూడు వందలు మాత్రమే పోతపోసింది. వాటిలో రెండు ఈ ఊరికి వచ్చాయి. ఒకటి రివెట్టుకు, ఒకటి టైలరుకు. ఆ రెండోది రివెట్టు కంట్లో నలుసయింది.

పెట్టె తెరిచి పది నిమిషాలు కాకముందే తప్పు దొరికింది. ఎడమవైపు ఏడు కిటికీలు, కుడివైపు ఆరు. మూడో కిటికీ ఉండాల్సిన చోట చిన్న రేకు అతికించినట్టు పోతపోశారు. పుస్తకం తీసి బొమ్మతో పోల్చాడు. రెండు వైపులా ఏడే. భూతద్దం పెట్టి రేకు చుట్టూ ఉన్న రివెట్లు లెక్కపెట్టాడు. పదకొండు. కింద వెనకమూల ఉండాల్సింది లేదు. 'కిటికీ మర్చిపోయారు. కప్పిపుచ్చుకోవడానికి రేకు పెట్టారు. ఆ రేకు మీద కూడా లెక్క తప్పారు, దద్దమ్మలు,' అనుకున్నాడు. తప్పు దొరికినప్పుడు అతని మొహంలో వచ్చే కళ పెళ్లినాడు కూడా రాలేదని భార్య సాక్ష్యం.

శనివారం మధ్యాహ్నం కిటికీ పక్కన బల్ల వేసుకుని పని మొదలుపెట్టాడు. చేత్తో తిప్పే సన్నటి డ్రిల్లుతో రేకును తొలిచి, ఆకురాయితో అంచులు రుద్ది, రివెట్లు చదును చేసి, పారదర్శకమైన ముక్క అతికించి, దాని వెనక పట్టకారుతో ఒక బుల్లి సీటూ, పచ్చ తెరా కూడా పెట్టాలి. మామగారు మంచం మీది నుంచి లేచి వచ్చి భుజం వెనక నిలబడ్డాడు.

"అల్లుడుగారూ, ఆ రేకు..."

"వెలుతురుకు అడ్డొస్తున్నారు మామగారూ."

పెద్దాయన పక్కకు జరిగాడు. మళ్లీ అడిగాడు. "రేకు తీసేస్తున్నారా?"

"తప్పు తీసేస్తున్నాను."

"తప్పెలా అవుతుంది? అది..."

"మామగారూ, ఇది స్పానరు పని కాదు. మీకు తెలియదు."

మామగారు వంటింట్లోకి వెళ్లాడు. ఆ ఇంట్లో గోడలు పేరుకే, ఒక గదిలో మాట ఇంకో గదిలో పడుతుంది.

"ఏమన్నారు నాన్నా?"

"స్పానరు పని కాదన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటానమ్మా. డ్రిల్లు తిరుగుతున్నప్పుడు పనివాడితో మాట్లాడకూడదు. వేలికి గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోనీ. నాలుక్కి మాత్రం తగలదు కదా."

ముసలాయన నవ్వు వినబడింది. తర్వాత, "రేపు నేనూ వెళ్తానమ్మా మీటింగుకి. ఆ విమానాన్ని ఒకసారి వెలుతుర్లో చూడాలి," అన్నాడు.

రివెట్టుకు ఒళ్లు మండింది. రాత్రి భోజనాల దగ్గర షరతు పెట్టాడు. వస్తే రావచ్చు, నోరు మూసుకుని వెనక కుర్చీలో కూర్చోవాలి. మామగారు తల ఊపాడు.

ఆదివారం డ్రిల్లు మాస్టారు విజిలు ఊదాడు. రివెట్టు తెల్ల గ్లవ్వులు తొడుక్కుని, పలక పక్కన పెట్టుకుని, తన విమానం మీది గుడ్డ తీశాడు. ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. ఏడు కిటికీలు ఇటు, ఏడు కిటికీలు అటు. పళ్ల డాక్టరు నోట్లోకి చూసినట్టు ఇంజన్లలోకి చూసి, "పుచ్చు లేదు," అన్నాడు. గీత పడలేదు.

తర్వాత ఎవరెవరివో వచ్చాయి. ఎవరూ బతికి బట్టకట్టలేదు. డాక్టరుగారి నాలుగింజన్లదానికి రెండు గీతలు, డ్రిల్లు మాస్టారి దానికి మూడు. చివర్న టైలరు ముదురు నీలం మఖమలు ముసుగు తీశాడు. రివెట్టు భూతద్దం తీసుకోలేదు. వేలు చూపించాడు.

"ఏమయ్యా, చొక్కాకు ఒక కాజా కుట్టడం మర్చిపోతే నీ దగ్గర ఎవడైనా తీసుకుంటాడా?"

"తీసుకోరండీ."

"మరి కుడివైపు మూడో కిటికీ ఏదీ?"

"పెట్టెలో ఇలాగే వచ్చిందండీ."

"వచ్చినదాన్ని వచ్చినట్టు పెట్టుకునేదాన్ని గోడౌను అంటారు. సేకరణ అనరు." గీత గీశాడు. "రివెట్లు కూడా లెక్క తప్పాయి." ఇంకో గీత గీశాడు. "ముసుగు మాత్రం బాగా కుట్టావు. అదొక్కటే తెచ్చి ఉంటే గీత పడేది కాదు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. టైలరు కూడా నవ్వాడు, అలవాటైనవాడు నవ్వినట్టు. ముసుగు మడత పెట్టడం మొదలుపెట్టాడు.

వెనక కుర్చీ కిర్రుమంది. మామగారు బల్ల దగ్గరికి వచ్చి టైలరును అడిగాడు. "బాబూ, ఒకసారి పట్టుకోవచ్చా?"

"తీసుకోండి బాబుగారూ."

పెద్దాయన గ్లవ్వులు లేకుండానే విమానాన్ని ఎత్తాడు. మొద్దుబారిన బొటనవేలు సరిగ్గా ఆ రేకు మీదికి వెళ్లింది.

"ఈ అబ్బాయి గీతలు చెరిపెయ్యండి," అన్నాడు.

"మామగారూ, మనం అనుకున్నాం కదా."

"నోరు మూసుకోవాలని మీరు అనుకున్నారు. నేను తల ఊపాను. నాకు మెడనొప్పి కూడా ఉంది." గదిలోవాళ్ల వైపు తిరిగాడు. "ఈ కిటికీని పగలగొట్టింది సామాన్లవాళ్ల నిచ్చెన. రేకు కొట్టింది నేను. కొత్త అద్దం కోసం రాశారు, రాలేదు. తొమ్మిదేళ్లు అలాగే తిరిగింది. అమ్మేసిన రోజు కూడా అలాగే పోయింది. ఫోటోలు చూసి చేసుంటారు, బాగా చేశారు."

డాక్టరు ముందుకు వంగాడు. "నమ్మకం లేక కాదు పెద్దాయనా. సాక్ష్యం ఏమైనా ఉందా?"

"కళ్లజోడు ఇంట్లో పెట్టొచ్చాను. ఇందులో చుక్కలు నాకు ఆనవు. అయినా చెబుతాను. రేకు చుట్టూ పదకొండు రివెట్లుండాలి. కింద వెనకమూల ఒకటి ఉండదు. అక్కడ డ్రిల్లు వంకర పోయింది, చెయ్యి నాదే. ఇన్‌స్పెక్టరు మా వంశాన్నంతా తిట్టి, ఆ రంధ్రానికి లప్పం పెట్టించి సంతకం పెట్టాడు."

డ్రిల్లు మాస్టారు భూతద్దం తీసి రివెట్టు ముందు పెట్టాడు. "లెక్కపెట్టండి. మీరుండగా మేం వేలు పెట్టడం ఎందుకు?"

రివెట్టు లెక్కపెట్టనక్కర్లేదు. తను ఆకురాయితో రుద్ది పారేసింది ఆ పదకొండింటినే. తను పన్నెండు అని చెబితే పన్నెండే, ఆ గదిలో అతని కంటిని కాదని తన కంటిని నమ్మేవాడు లేడు. పలక అతని చేతి కిందే ఉంది, జన్మాంతం అక్కడే ఉండిపోయేది. వంగాడు. ఒకసారి ఎడమ నుంచి కుడికి, ఒకసారి కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పదకొండు," అన్నాడు.

అతనిలో మెచ్చుకోదగ్గది ఏదైనా ఉందంటే ఇదొక్కటే. లెక్క దగ్గర అబద్ధం చెప్పలేడు. ఆ మంచితనం కూడా అరనిమిషం నిలవలేదు.

"అయినా," అన్నాడు గొంతు సవరించుకుని, "ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆ విమానానికి రెండు వైపులా ఏడేసి కిటికీలు. మధ్యలో ఎవడో నిచ్చెన తగిలించాడు, ఇంకెవడో వంకరగా రేకు కొట్టాడు. అది విమానం తప్పు. నాది ఎలా ఉండాలో అలా ఉంది. గీత పడాల్సింది విమానానికి."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాళ్లను చూశాం. నాలుగో కాలున్నందుకు కుందేలును తప్పుబట్టినవాణ్ణి ఆ గది మొదటిసారి చూసింది. డ్రిల్లు మాస్టారు పలక ఎత్తి, ఫ్రేము మీది తెల్ల అక్షరాల కింద వేలు పెట్టి, అతని మొహం ముందుకు తెచ్చాడు. తర్వాత టైలరు పేరు కింద ఉన్న రెండు గీతలూ చొక్కా చేతితో తుడిచేసి, రివెట్టు పేరు కింద ఒకటి గీశాడు.

"మూడు," అన్నాడు మామగారు.

"మూడెందుకండీ?"

"కిటికీ ఒకటి. రివెట్లు చెరిపినందుకు ఒకటి. లోపల సీటు పెట్టారు చూడండి, అదొకటి. కిటికీ లేని చోట కూర్చోమంటే ప్రయాణికులు గొడవపెట్టేవాళ్లు. ఆ సీటు పీకేసి తపాలా సంచులు పడేసేవాళ్లం." విమానాన్ని టైలరుకు తిరిగిచ్చి, "తెర మాత్రం బాగుంది అల్లుడుగారూ. మాకు ఉండేది కాదు," అన్నాడు.

మూడు గీతలు. డ్రిల్లు మాస్టారితో సమానం. కానీ పలక పట్టినవాడికి పడితే రెట్టింపుగా లెక్క అని ఎవరో గుర్తుచేశారు. ఆ నియమం కూడా రివెట్టు పెట్టిందే, తనకెప్పుడూ పడదన్న ధీమాతో. టీ అతనే ఇప్పించాడు. పదకొండు మంది సభ్యులకూ, మామగారికీ కలిపి పన్నెండు కప్పులు. కప్పులు లెక్కపెట్టి తీసుకున్నాడు.

పలక టైలరుకు వెళ్లింది. టైలరు దాన్ని నీలం మఖమలులో చుట్టి, మెట్ల దగ్గర ఆగాడు.

"రివెట్టుగారూ, భూతద్దం నేను కొనుక్కోవాలా, మీది ఇస్తారా?"

రివెట్టు వినిపించనట్టు మెట్లు దిగాడు.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మామగారు మంచం మీద కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి బీరువా పైన ఖాళీ మేకును చూసింది.

"టీ ఎవరిది?"

"అల్లుడుగారిది," అన్నాడు మామగారు. "కాస్త పంచదార ఎక్కువైంది."

ఆవిడ గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను స్విచ్చి వేసింది. నాలుగేళ్ల దుమ్ము ఒక్కసారిగా గది మధ్యలో రాలింది. మామగారు రెండు తుమ్ములు తుమ్మి, కాళ్లు చాచి పడుకున్నాడు.

"బీరువా..." అన్నాడు రివెట్టు.

"తలుపులున్నాయి కదా. ఆయనకు తలుపుల్లేవు."

రివెట్టు బల్ల ముందు కూర్చుని కాగితం తీశాడు. తయారుచేసిన కంపెనీకి ఉత్తరం. విమానం చివరి రోజుల్లో ఎలా ఉందో చూసి పోతపోయడం బాధ్యతారాహిత్యమనీ, కొత్తలో ఎలా ఉందో అలా చేసి మళ్లీ పంపాలనీ రాయడం మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గర ఫ్యాను గాలికి కాగితం లేచింది. మోచేతితో అదిమాడు, మళ్లీ లేచింది. చుట్టూ చూసి, పెట్టెలోంచి మూడు గీతల విమానాన్ని తీసి కాగితం మీద పెట్టాడు.

కాగితం కదల్లేదు. ప్రొపెల్లర్లు మాత్రం తిరగడం మొదలుపెట్టాయి. అతను తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు. ఆ ఇంట్లోకి వచ్చిన విమానాల్లో ఒక్కటైనా ఒక పనికి రావడం అదే మొదటిసారి.